ఏడేర్ల సీమలో తోడు

ఆండర్సన్‌పేట, కె.జి.ఎఫ్.
జూన్, ఆదివారం

నయనకు మేనత్త ప్రేమ దీవెనలు.

నిన్న మీ ఇంటికి వచ్చి, నీతో నాలుగు మాటలైనా మాట్లాడకుండానే తిరిగి వచ్చాను. నువ్వు గోడవైపు తిరిగి పడుకునే ఉన్నావు. కుడి చెయ్యి దుపట్టా కింద దాచుకున్నావు. మీ అమ్మ నాకు కాఫీ ఇస్తూ, "ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఇట్లే ఉండాది ప్రేమా. తినమంటే తింటాది, పండుకోమంటే పండుకుంటాది. అంతే" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నయనా, ఫ్యాక్టరీలో ప్రెస్సు మెషీను పడి నీ చేతి వేళ్లు రెండు పోయాయి. ఆ సంగతిని మెత్తగా చుట్టి చెప్పే మాటలు నా దగ్గర లేవు. ఎడమచేత్తో రాయడం అలవాటు చేసుకోమని డాక్టరు చెప్పాడని, నువ్వు పెన్ను కూడా ముట్టుకోవడం లేదని మా అన్న చెప్పాడు. అందుకే బస్సు కండక్టరు చిన్నన్న చేతికి ఈ ఉత్తరంతో పాటు ఒక పుస్తకం ఇచ్చి పంపిస్తున్నాను. దాని పేరు 'ఏడేర్ల సీమ'. ఇది మొదటి సంపుటం. మొత్తం తొమ్మిది ఉన్నాయి. ఏడు నదులూ ఎండిపోయిన దేశంలో, ఆ నీళ్లు ఎక్కడికి పోయాయో వెతుక్కుంటూ ఇరిమి అనే పిల్ల తలమీద నిప్పుకుండ పెట్టుకుని ఇల్లు దాటుతుంది. దారిలో మాట్లాడే రాళ్లు ఉంటాయి. గాలిని బట్టలా నేసే మనుషులు ఉంటారు. మిగిలింది నువ్వే చదువుకో.

నువ్వు చదివింది కన్నడ మీడియం, ఇంట్లో మాట్లాడేది తెలుగైనా ఆంధ్రా బస్సుల బోర్డులు తప్ప తెలుగు చదివి ఎరగవు, నాకు తెలుసు. నేను గనుల కాలనీలో తెలుగు బడికి వెళ్లాను కాబట్టి నాకు వచ్చింది. అక్షరాలు అక్కచెల్లెళ్లలాంటివే, కూడబలుక్కుంటే వచ్చేస్తాయి. చదివి నాకు ఉత్తరం రాయి. ఎడమచేత్తో, తెలుగులో. నీకు ఆ చెయ్యీ కొత్తే, ఈ అక్షరాలూ కొత్తే. తప్పు పోతే ఏది చేసిన తప్పో ఎవరికీ తెలియదు. ఫోను మాత్రం చెయ్యకు. ఫోనులో నువ్వు "ఊఁ" అని పెట్టేస్తావు.

ఇంకొక మాట. నాగరత్న నాకు మళ్లీ ఫోను చేసింది. నీ పక్క మెషీన్లో పనిచేస్తూ, ఆ రోజు పరుగెత్తుకొచ్చి ప్రెస్సు ఆపిన పిల్ల. తన ఫోను నువ్వు ఎత్తడం లేదట. "నయన ఎట్లుండాది ఆంటీ?" అని అడిగింది. ఏం చెప్పమంటావో రాయి.

నీ
ప్రేమత్త


బేతమంగళ దగ్గర, మన ఊరు
జూన్ ఆఖరు

అత్తకు నయన నమస్కారం.

ఇది నా ఎడమ చెయ్యి. కోడి గీకినట్టు ఉంది. నవ్వకు.

పుస్తకం కష్టంగా ఉంది. ఒత్తులు తికమక. ఒక పేజీ చదివేసరికి పాలు పితికే పొద్దు అయిపోతుంది. అమ్మ వచ్చి "ఏం చేస్తా ఉండావే?" అంటుంది. "ఏమీ లేదు" అంటాను.

ఇరిమి ఇల్లు దాటింది. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి ఆపలేదు, పొమ్మనలేదు. అక్కడ ఆపేశాను. చెయ్యి నొప్పి పుట్టింది.

నాగరత్నకు ఏమీ చెప్పొద్దు.

నయన

మళ్లీ రాస్తున్నాను. ఆపలేదు, అబద్ధం చెప్పాను. మొదటి పుస్తకం అయిపోయింది. రెండోది పంపుతావా?


ఆండర్సన్‌పేట
జూలై

నయనా,

నీ ఉత్తరాన్ని రైల్లో చదువుకుంటూ నవ్వుకున్నాను, కోడిగీతలకు కాదు, ఆ చివరి మాటలకు. పక్కన కూర్చున్న ఆమె ఏమైందని అడిగింది. మా మేనకోడలు అబద్ధం ఆడి తానే ఒప్పుకుందని చెప్పాను.

రెండు, మూడు సంపుటాలు పంపుతున్నాను. అట్టలు నలిగి ఉంటే తిట్టుకోకు. అవి మారికుప్పం నుంచి బెంగళూరు కంటోన్మెంటు దాకా ఎన్నిసార్లు ప్రయాణం చేశాయో లెక్కలేదు. కళ్లజోళ్ల అంగడిలో పొద్దస్తమానం నిలబడి, ఊళ్లోవాళ్లందరి చూపూ సరిచేసే నాకు, రైల్లో ఈ పుస్తకాలే విశ్రాంతి. మీ రామకృష్ణప్ప మామ ఉన్న రోజుల్లో ఆయన కూడా చదివేవాడు. మొదటి సంపుటాన్ని బెంగళూరు నుంచి కొనుక్కొచ్చింది ఆయనే.

నీకు ఒక సలహా. అర్థంకాని మాట దగ్గర ఆగిపోకు. దాటేసి పో. తరువాతి పేజీల్లో ఎక్కడో అదే మాట ఎదురై తన సంగతి తానే చెప్పుకుంటుంది.

నాగరత్నకు నువ్వన్నట్టే ఏమీ చెప్పలేదు. కానీ చెప్పకపోవడం నాకు కష్టంగా ఉంది.

ప్రేమత్త


మన ఊరు
సెప్టెంబరు

ప్రియమైన ప్రేమత్తకు నయన రాసుకున్నది.

నాలుగో సంపుటం కూడా సగానికి వచ్చింది. ఇప్పుడు నా చదువు రహస్యం కాదు. వసారాలో కూర్చుని గొణుక్కుంటూ చదువుతుంటే, పట్టుపురుగులకు మల్బరీ ఆకు తరుగుతున్న అమ్మ, "ఏమంటాది? గెట్టిగా చదువు" అంది. గట్టిగా చదివాను. ఇరిమి గాలి నేసేవాళ్ల ఊరికి చేరిన ఘట్టం. అమ్మ కత్తి ఆగిపోయింది.

"అంత దూరం నడిచిందా? తలమీద నిప్పుకుండా? అడుగున చుట్టకుదురు పెట్టుకునిందా లేదా?"

"అది రాయలేదమ్మా."

"రాయకపోతే ఎట్లా? మాడు కాలిపోదా?"

అప్పటికి నాన్న ఆవుల దగ్గర నుంచి వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. వినడం లేదన్నట్టు బీడీ వెతుక్కుంటున్నాడు. కాసేపటికి, "ఏడు ఏర్లూ ఎండిపోయినాయంటే ఇంగేముండాది, అందరూ బోర్లు ఏసుంటారు. నీళ్లు యాడికి పోయినాయని ఆ పిల్ల తిరగాల్సిన పనే లేదు. కోలారుకొచ్చి నన్నడిగితే చెప్తాను" అన్నాడు. అమ్మా నేనూ పడీపడీ నవ్వాం. అత్తా, నవ్వు ఆగిన తరువాత చూసుకుంటే కుడి చెయ్యి దుపట్టా బయట ఉంది. ముగ్గురం చూశాం. నాన్న, "చదువమ్మా, ఆ పైన ఏమైంది?" అన్నాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం చదువుతున్నాం. వీధిలో గంగప్ప పాలక్యానుతో పోతూ కాసేపు నిలబడి వింటాడు. డెయిరీకి పాలు పోయడానికి నిన్న నేనే వెళ్లాను. ఎడమచేత్తో క్యాను మోశాను. ఇద్దరు ముగ్గురు నా చేతివైపు చూశారు. చూడనీ అనుకున్నాను.

నీ పుస్తకాలకు నేను ఏమిచ్చుకోవాలో తెలియదు. మా మునిలక్ష్మమ్మ, అంటే నీ వదిన, నీకని సీతాఫలాలు పంపుతోంది. చిన్నన్న బస్సులో తినెయ్యకుండా చూసుకో.

రాత చూశావా? ఇప్పుడు కోడి కాదు, కొంగ.

నయన

మరిచాను. నాకు అందరికంటే గొబ్బిలి ఇష్టం. తాళ్లు పేనే గొబ్బిలి. ఇరిమి ఎక్కడ జారినా పైనుంచి తాడు పట్టుకునేది ఆమే. మాటకు ముందు బూతు, మాట తరువాత నవ్వు. మా ఫ్యాక్టరీ హాస్టల్లో కూడా అట్లాంటి మనిషి ఉండేది.


మన ఊరు
అక్టోబరు

అత్తా,

ఐదో సంపుటం చిన్నన్నతో తిప్పి పంపిస్తున్నాను. ఆరోది పంపొద్దు.

గొబ్బిలిని చంపేశారు. సరే, కథలో చస్తారు. నా కోపం అది కాదు. ఇరిమి ఎండిపోయిన ఏటి గుంటలోకి జారిపోతే గొబ్బిలి తాడు పట్టుకుంది. అరచేతులు తెగి ఎముక కనబడుతున్నా వదల్లేదు. ఇరిమి పైకి వచ్చింది. వచ్చి, ఒగరుస్తూ, ముందుకు నడిచింది. వెనక్కి తిరిగి ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అనలేదు. ఆ వెనకాలే గట్టు విరిగి గొబ్బిలి పడిపోయింది. ఇరిమి వెనక్కి తిరిగేసరికి అక్కడ ఎవరూ లేరు.

అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. పుస్తకం విసిరేశాను. అట్ట మూల విరిగింది, క్షమించు.

ఇంత మంచి రచయిత్రికి ఆ ఒక్క మాట రాయడానికి చోటు దొరకలేదా? ఇరిమి అట్లా ఎట్లా నడిచిపోతుంది?

ఇంక చదవను.

నయన


ఆండర్సన్‌పేట
నవంబరు

నయనా,

నువ్వు పుస్తకం విసిరేశావు. మీ మామ దాన్ని మూసి ఒళ్లో పెట్టుకుని, రైల్లో టేకల్ నుంచి వైట్‌ఫీల్డు దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. గొబ్బిలి కోసం కోపగించుకున్న మొదటి మనిషివి నువ్వు కాదు.

ఇరిమి ఎందుకు మాట్లాడలేదో నేను చెప్పలేను. అంత భయం నుంచి బయటపడిన మనిషికి నోట మాట ఉంటుందో ఉండదో నాకంటే నీకే బాగా తెలిసి ఉండొచ్చు.

ఇప్పుడు చెప్పబోయేది నువ్వు వద్దన్న సంగతి. అయినా చెబుతున్నాను. కోపం వస్తే ఈ ఉత్తరాన్ని కూడా విసిరెయ్యి.

మొన్న ఆదివారం నాగరత్న మీ ఫ్యాక్టరీ ఉన్న వేమగల్ నుంచి కోలారు మీదుగా రెండు బస్సులు మారి మా ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రమ్మంటే రాదు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, "ఆంటీ, నయనకి నామీద కోపమా?" అంది.

"నీమీద కోపమెందుకు?" అన్నాను.

"నేను ఎర్ర బటన్ నొక్కే తలికి లేటైపోయింది ఆంటీ. ఆమె అరిచినాక నేను చూసినాను. ఇంగొంచెం బిరబిరా పోయింటే ఆ రెండు వేళ్లూ ఉంటా ఉండె. అందుకే ఆమె ఫోన్ ఎత్తలేదు. నాకు తెలుసు. నేనైనా ఎత్తను."

నేను ఏం చెప్పినా ఆ పిల్ల తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అన్నం తినమంటే రెండు ముద్దలు తిని లేచింది. వెళ్లేటప్పుడు, "నేను వచ్చినానని చెప్పద్దు" అంది. నువ్వు చెప్పొద్దంటావు, ఆమె చెప్పద్దంటుంది. మీ ఇద్దరి మధ్య నేను నోరు మూసుకుని ఉండలేను.

ఆరో సంపుటం పంపుతున్నాను. చదువు, చదవకపో. నీ దగ్గర ఉండనీ.

ప్రేమత్త


మన ఊరు
ఫిబ్రవరి

అత్తకు,

ఇన్ని నెలలు రాయనందుకు తిట్టు. నీ ఉత్తరం చదివాక పెన్ను పట్టుకుంటే చెయ్యి ఆడలేదు, ఎడమదే.

నాగరత్న లేటు చేసిందా! అత్తా, ఆ రోజు ప్రెస్సు మళ్లీ కిందికి దిగుతోంది. నాకు కనబడుతూనే ఉంది. చెయ్యి బయటికి రాలేదు. ఆమె వచ్చి ఆపకపోతే మణికట్టు దాకా పోయేది. ఆస్పత్రికి వెళ్లే దారంతా నా తల ఆమె ఒళ్లోనే ఉంది. నేను ఆమె ఫోను ఎత్తకపోవడానికి కారణం కోపం కాదు. ఆమె గొంతు వింటే ఆ మెషీను చప్పుడు వినిపిస్తుందని భయం. నా భయం నేను చూసుకున్నాను. అవతల ఆమె ఏమనుకుంటుందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఆరో సంపుటం సంక్రాంతి పనులు ముగిశాక తీశాను. చదువుతుంటే నాకు సిగ్గు వేసింది. ఇరిమి పుస్తకం పొడుగునా నోరు లేనిదానిలా నడుస్తుంది. తాడు కనబడితే దారి మార్చుకుంటుంది. అమ్మ, "పాపం, గొబ్బిలి లేకపోతే దీనికి దిక్కెవరు?" అంది. నేను పుస్తకం మూసి, "అమ్మా, నేను రేపు వేమగల్ పోతాను" అన్నాను. అమ్మ ఎందుకని అడగలేదు. జడ వేసింది, అంతే.

షిఫ్టు వదిలే వేళకు ఫ్యాక్టరీ ఎదుట టీ అంగడి దగ్గర నిలబడ్డాను. ఆ గేటు చూడగానే నాలుగడుగులు వెనక్కి వేశాను. తిరిగి వెళ్లిపోదామనుకుంటుండగా అమ్మాయిలు గుంపుగా బయటికి వచ్చారు. నాగరత్న అందరికంటే వెనక, ఒంటరిగా వస్తోంది. చిక్కిపోయింది. నన్ను చూసి అక్కడే ఆగిపోయింది. నేనే రోడ్డు దాటి వెళ్లాను.

"ఎట్లుండావు?" అంది, నా ముఖం చూడకుండా.

దారిలో ఎన్నో మాటలు కూర్చుకుని వెళ్లాను. పుస్తకంలోలాంటి మాటలు. ఒక్కటీ రాలేదు. దుపట్టా తీసి కుడి చెయ్యి ఆమె ముందు పెట్టాను.

"చూడు. ఇది ఉండాది. నువ్వు లేటు చేసినావని ఎవరు చెప్పినారు నీకు? నువ్వు రాకపోయింటే ఇది మొత్తం లేదు. నేనూ ఉంటానో లేదో."

"మరి ఫోన్ ఎందుకు ఎత్తలేదే?" అంది.

"భయపడినాను. నీమీద కోపం కాదు. నీకు చెప్పల్ల అనుకుంటూనే భయపడి పండుకున్నాను. నువ్వుండినావు కాబట్టి నేను ఉండాను నాగరత్నా. ఇది చెప్పేకే వచ్చినాను."

ఆమె నా భుజం మీద ఒక్క దెబ్బ వేసింది. గట్టిగానే. "ఇంత చిన్న మాట చెప్పేకి ఇన్ని నెలలా, దొంగమొహమా!" అని, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. టీ అంగడి ఆయన మమ్మల్ని చూసి, అడగకుండానే రెండు టీలు తెచ్చి బెంచీ మీద పెట్టి పోయాడు. ఆ మంచి మనిషి పేరు కూడా అడగలేదు నేను.

ఆ తరువాత తెలిసింది. ఆమె కూడా ఆ ప్రెస్సు దగ్గర నిలబడలేక వేరే విభాగానికి మార్చమని అడిగిందట. ఇప్పుడు తయారైన సరుకును పరీక్షించే చోట ఉంది. "అక్కడ మెషీన్లు లేవు. కళ్లతో చూసే పనే. నువ్వూ వస్తావా?" అని అడిగింది. ఆలోచిస్తానన్నాను.

ఇదంతా నీవల్లే అత్తా. కాదంటే ఒప్పుకోను. ఏడో సంపుటం పంపు. ఇరిమి ఇప్పుడు ఏం చేస్తుందో నాకు తెలియాలి.

నయన


మన ఊరు
మార్చి

అత్తా,

ఒక చిన్న సందేహం. ఏడో సంపుటంలో మధ్యన కొన్ని పేజీలు అచ్చాఫీసువాళ్లు కోయకుండా వదిలేశారు. పై అంచు అతుక్కునే ఉంది. బ్లేడుతో కోసి చదివాను. ఇరిమి గొబ్బిలి తల్లి ఇంటికి వెళ్లే ఘట్టం సరిగ్గా ఆ పేజీల్లోనే ఉంది.

నువ్వు దాన్ని ఎట్లా చదివావు? పోయిన ఉత్తరంలో కూడా ఇరిమి గురించి అడిగితే "చదువు, తెలుస్తుంది" అన్నావు. ఐదో సంపుటం దాకా ఎంతో చెప్పేదానివి. ఆరు నుంచి ఏమీ చెప్పడం లేదు.

అడగకూడనిది అడిగితే వదిలెయ్యి.

నయన


ఆండర్సన్‌పేట
మార్చి ఆఖరు

నయనా,

అడగకూడనిది కాదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

నేను చదవలేదు తల్లీ. ఆరో సంపుటం మొదట్లోనే ఆగిపోయాను.

గని మూసేసిన తరువాత మీ మామ బెంగళూరులో సెక్యూరిటీ పనికి కుదిరాడు. నేను అంగడిలో చేరాను. ఇద్దరం ఒకే రైలు. మారికుప్పంలో ఎక్కితే కిటికీ సీటు దొరుకుతుందని, ఒక స్టేషను వెనక్కి నడిచి వెళ్లి మరీ ఎక్కేవాళ్లం. పుస్తకం ఒకటే. సగం ఆయన మోకాలి మీద, సగం నా మోకాలి మీద. నేను తొందరగా చదువుతాను, ఆయన నిదానం. పేజీ చివరికి వచ్చి నేను ఆగేదాన్ని. ఆయన "ఊఁ" అంటే తిప్పేదాన్ని. అట్లా ఐదు సంపుటాలు చదివాం. కొత్త సంపుటం వచ్చేదాకా ఏళ్ల తరబడి ఎదురుచూసి, పాతవి మళ్లీ చదివేవాళ్లం.

ఆరోది వచ్చి, ఇరిమి ఉప్పుకొండ ఎక్కుతుండగా ఆయనకు ఊపిరి అందకుండా అయింది. ఆస్పత్రిలో, "పుస్తకం తెచ్చినావా?" అని అడిగాడు. "ఇంటికి పోయినాక చదువుదాం" అన్నాను. ఇంటికి రాలేదు.

మళ్లీ పనికి వెళ్లిన మొదటి రోజు రైల్లో పుస్తకం తీశాను. ఆ పేజీ చివరిదాకా చదివి ఆగాను. ఎందుకు ఆగానో నాకే తెలియలేదు. కంటోన్మెంటు వచ్చేసింది. పేజీ తిప్పలేదు.

కొత్త సంపుటాలు వచ్చినప్పుడల్లా కొన్నాను. కొనకుండా ఉండలేకపోయాను. తెచ్చి బీరువాలో పెట్టాను. నీకు దెబ్బ తగిలినప్పుడు అవి గుర్తొచ్చాయి. నేను ఆగిపోయిన చోటుకు మించి నిన్ను ముందుకు పంపించి, అన్నీ తెలిసినదానిలా వెనక నుంచి దారి చెప్పాను. ఐదో సంపుటం తరువాత నువ్వు ఒంటరిగానే నడిచావు.

నీమీద నాకు గర్వంగా ఉంది. కొంచెం అసూయగా కూడా ఉంది.

ప్రేమత్త


మన ఊరు
ఏప్రిల్

మా అత్తకు,

నీ ఉత్తరాన్ని అమ్మానాన్నలకు చదివి వినిపించలేదు. ఇది ఒక్కటే నాకోసం దాచుకున్నాను.

నేను ఒంటరిగా నడవలేదు. కథ తెలిసి ఉన్నావో తెలియక ఉన్నావో, నువ్వు నా వెనక ఉన్నావు. అది చాలు నాకు.

వచ్చే సోమవారం చెయ్యి చూపించుకోవడానికి బెంగళూరు ఆస్పత్రికి రమ్మన్నారు. నాన్న తోడు వస్తానన్నాడు. వద్దన్నాను. ఆదివారమే మీ ఇంటికి వస్తాను. సోమవారం నీతోపాటు మారికుప్పంలో రైలు ఎక్కుతాను. ఆరో సంపుటం నా సంచిలో ఉంటుంది. నాకు కథ తెలుసు, కానీ ఒక్క ముక్క కూడా ముందు చెప్పను.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. తెలుగు నాకు ఇంకా నిదానమే. నువ్వు పేజీ చివర నాకోసం ఆగాల్సిందే.

నయన


వేమగల్
జూలై

ప్రియమైన అత్తా,

కొత్త చోటు నుంచి రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. నాగరత్నా నేనూ ఒకే గదిలో ఉంటున్నాం. పరీక్షించే విభాగంలో చేరాను. మొదటి రోజు పక్క హాలులోంచి ప్రెస్సు చప్పుడు వినిపిస్తుంటే చెమటలు పట్టాయి. నాగరత్న నావైపు చూడకుండానే తన కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. మధ్యాహ్నానికి చప్పుడు చప్పుడులాగే వినిపించింది.

ఆ రోజు రైలు నాకు తరచు గుర్తొస్తుంది. ఉప్పుకొండ పేజీ దగ్గర నువ్వు ఆగావు. నేను కావాలని ఆలస్యం చేయలేదు అత్తా, నిజంగానే రెండు వాక్యాలు వెనకబడి ఉన్నాను. చదివి "ఊఁ" అన్నాను. నువ్వు పేజీ తిప్పావు. బంగారుపేట దాటేదాకా నీ ముఖం చూడటానికి ధైర్యం చాలలేదు. చూస్తే నువ్వు ఇరిమిని తిడుతున్నావు. "తాడు చూసి దారి మార్చుకుంటాదా ఇది!" అని గట్టిగా. బోగీలో అందరూ తిరిగి చూశారు.

తొమ్మిదోది ఎంతవరకు వచ్చింది? నాకు ముగింపు నచ్చింది. నీకు నచ్చదని నా అనుమానం. నీళ్లు వస్తాయి కానీ... లేదు, చెప్పను.

నాన్న నిన్న ఫోను చేసి, "చదివేవాళ్లు లేక సాయంత్రం పొద్దు పోవడంలేదు" అన్నాడు. ఆదివారం వెళ్లి చదువుతాను. నీకు ఎంత రుణపడ్డానో రాయబోయి మూడుసార్లు కొట్టేశాను. నాగరత్నకు చెప్పినట్టే నీకూ చెబుతాను. నువ్వుండినావు కాబట్టి నేను ఉండాను.

నయన


ఆండర్సన్‌పేట
ఆగస్టు

నయనా,

అయిపోయింది. నిన్న ఉదయం, మాలూరు దాటిన తరువాత.

నువ్వు అనుకున్నట్టే ముగింపు నాకు నచ్చలేదు. ఏడు ఏర్లలోనూ నీళ్లు పారతాయి, సరే. ఇరిమి పుట్టిన ఊరికి మాత్రం చుక్క రాదు. ఆమె నవ్వి, ఊరిని నీళ్ల దగ్గరికి తీసుకుపోతుంది. ఇన్ని వేల పేజీలు నడిపించి ఇదా చేసేది? నువ్వు వచ్చినప్పుడు దీనిమీద పోట్లాడుకుందాం. అయినా పుస్తకం మూసి, కాసేపు రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాను. నీకూ, మీ మామకూ, ముఖమైనా ఎరగని ఆ రచయిత్రికీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

కానీ నీకు రాయాలనుకున్నది ఇది కాదు.

ఎదురు సీట్లో రోజూ సొన్నప్ప అనే పెద్దాయన కూర్చుంటాడు. మీ మామతో పాటు గనిలో పనిచేసినవాడు. ఇప్పుడు బెంగళూరులో ఒక అపార్టుమెంటు దగ్గర తోటపని చేస్తాడు. చదువు రాదు. మీ మామ పోయిన తరువాత నాకు నమస్కారం పెట్టడం తప్ప ఎక్కువగా మాట్లాడడు. నిన్న నేను పుస్తకం మూయగానే మెల్లగా ముందుకు వంగి, "అయిపోయిందామ్మా?" అన్నాడు.

"అయిపోయింది సొన్నప్పా."

ఆయన సీటు అంచుకు జరిగాడు.

"అడగొచ్చో అడక్కూడదో తెలీదు. రామకృష్ణప్ప సాయంత్రం రైల్లో నాకు ఆ కత చెప్తా ఉండె. నువ్వు కునుకు తీస్తా ఉంటావు, అప్పుడు. పొద్దున మీరు ఎంత చదివితే అంతా నాకు చెప్తాడు. ఆ పిల్ల ఉప్పుకొండ ఎక్కతా ఉండాదని చెప్పినాడు. ఆమీట ఆయన రాలే. నువ్వు పుస్తకం ఒళ్లో పెట్టుకోని కిటికీలోనుంచి చూస్తా ఉంటావు. నిన్ను అడిగేకి నాకు నోరు రాలేదు. ఇన్నేండ్లూ ఆ పిల్ల కొండమీదే ఉండాది నాకు."

నయనా, నేనొక్కదాన్నే ఆ పేజీలో ఆగిపోయాననుకున్నాను. నా ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర్లో, ఇంకొక మనిషి ఇన్నేళ్లు అక్కడే ఆగి ఉన్నాడు. నా దుఃఖం కదిలిపోతుందని నోరు మెదపలేదు.

నేను కళ్లు తుడుచుకుని, ఆయన పక్కన ఖాళీ ఉంటే వెళ్లి కూర్చున్నాను.

"కొండ ఎక్కింది సొన్నప్పా. పైన గాలి ఎట్లా ఉందంటే..." అని మొదలుపెట్టాను. కంటోన్మెంటు వచ్చేసింది. నేను దిగాల్సిన చోటు. ఆయన ఇంకా ముందుకు పోవాలి. తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, "సాయంత్రం ఇదే బోగీ కదమ్మా?" అన్నాడు.

"ఇదే బోగీ" అన్నాను.

సాయంత్రం నేను వెళ్లేసరికి నాకు సీటు పట్టి, పక్కవాళ్లను కూడా జరిపి కూర్చోబెట్టి ఉంచాడు. ఆ కథ ఏమిటో వాళ్లకూ వినాలని ఉందట.

నీ
ప్రేమత్త